నిచ్చెన మీంచి పడని కుంచెమ్మ

కుంచెమ్మ నిచ్చెన మీంచి పడలేదు. ఈ సంగతి మొదటే చెప్పెయ్యడం మంచిది, ఎందుకంటే ఆ తర్వాత ఆసుపత్రిలో ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెప్పారు. కుంచెమ్మ కూడా తక్కువ తినలేదు. ఆమె పడింది ఇంట్లో, స్నానాలగది గుమ్మం దగ్గర. కాళ్ళు తుడుచుకునే పట్టా మూల మడతపడి ఉంది, పాదం అందులో తగులుకుంది, మనిషి పక్కకు ఒరిగి గచ్చు మీద పడింది. జరిగింది అంతే. నలభై ఏళ్ళుగా బజారులో సగం కొట్లకు పేర్లు రాసిన మనిషి, రెండో అంతస్తు ఎత్తున నిచ్చెనకు మోకాలు ఆనించి, ఒక చేత్తో రంగుడబ్బా, ఒక చేత్తో కుంచె పట్టుకుని, ఎంత గాలి వీచినా గీత వంకరపోనివ్వని మనిషి, చివరికి ఓ గుడ్డముక్క చేతిలో ఓడిపోయింది.

ఆమెకు అసలు పేరు ఒకటుంది గానీ, అది వాడకంలో లేదు. బజారుకు ఆమె కుంచెమ్మ. భర్త చిన్నవయసులోనే పోతే ఆయన కుంచెలు చేతబట్టింది. ఆడమనిషి నిచ్చెనెక్కి బోర్డులు రాయడమేమిటి, నెల తిరక్కుండా కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటుందని మిగతా పెయింటర్లు పందేలు వేసుకున్నారట. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తర్వాత నిజంగానే నిచ్చెనల మీంచి పడ్డారు. కుంచెమ్మ పడలేదు. ఆ సంగతి ఆమె ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

ఒక్కడే కొడుకు. నీటిపన్ను ఆఫీసులో గుమాస్తా. ఈ కథలో తప్పంతా ఇతగాడిదే అనడానికి లేదు గానీ, మొదలు మాత్రం ఇతగాడితోనే. బడిలో చదువుకునే రోజుల్లో వాళ్ళమ్మ గోళ్ళకు ఎర్రరంగో పచ్చరంగో అంటుకునే ఉండేది, తోటిపిల్లలు వీణ్ణి రంగులోడా అని పిలిచేవాళ్ళు. ఆ మాట వీడి లోపల ముల్లులా ఉండిపోయింది. ఉద్యోగం రాగానే నలుగుర్నీ పిలిచి, వాళ్ళ ముందు ఛాతీ విరుచుకుని, ఇకమీదట మా అమ్మ కుంచె ముట్టదు, కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది అని ప్రకటించాడు. అందులో ప్రేమ ఎంత, నామోషీ ఎంత అని అడిగితే వాడే చెప్పలేడు. రెండూ సమానంగా ఉన్నాయి.

కుంచెమ్మ ఆ మాటకు ఎదురు చెప్పలేదు. చెవిన మాత్రం పెట్టలేదు. కొడుకు ఆఫీసుకు వెళ్ళగానే నిచ్చెన బయటికి వచ్చేది, కొడుకు తిరిగొచ్చే వేళకు లోపలికి పోయేది. చేతులు కిరసనాయిలుతో రుద్దుకుని, కిటికీలు తెరిచి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చునేది. ఇంట్లో టర్పెంటైను వాసన గుప్పుమంటుంటే కొడుకు కాఫీ తాగుతూ, ఇవాళ ఎండ బాగా ఉందమ్మా అనేవాడు. అవున్నాయనా అనేది తల్లి. కోడలు వంటగదిలోకి వెళ్ళి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో సాగిన నాటకం ఇది. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. అంతకుముందు ఏ బోర్డు రాసినా కుడివైపు కింద మూలన చిన్నగా తన సంతకం పెట్టేది కుంచెమ్మ. కొడుకు ప్రకటన తర్వాత సంతకం మానేసింది. దొరికిపోకూడదు కదా.

ఆవేళ సెలవు కాబట్టి పడినప్పుడు కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. పరుగెత్తుకెళ్ళి చూశాడు. ఎడమకాలు రెండోదానికంటే పొట్టిదైపోయినట్టుంది, పాదం బయటికి తిరిగిపోయింది. లేవదీసి నిలబెట్టబోతుంటే కోడలు ఒక్క అరుపు అరిచి ఆపింది. దుప్పటి కప్పి, తల కింద దిండు పెట్టి, కదలనివ్వకుండా అంబులెన్సుకు ఫోన్ చేసింది ఆమే. కొడుకు కూడా ఒక ఫోన్ చేశాడు, వాళ్ళాఫీసు సూపరింటెండెంటుకు. ఆయనకు ఆసుపత్రిలో ఎముకల డాక్టరమ్మ దగ్గరి బంధువు. మంచి మనిషి, ఫోన్ పెట్టేసి తనే బయల్దేరి వచ్చాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఈ సూపరింటెండెంటు దగ్గర కొడుక్కి ఓ పెద్ద పేరుంది. మా అమ్మని కాలు కింద పెట్టనివ్వమండీ అని ఎప్పుడో ఒక మాటన్నాడు. అది విని ఆయన పొంగిపోయి, తల్లిని చూసుకోవడమంటే ఇతన్ని చూసి నేర్చుకోండని ఆఫీసంతా వినేలా చెప్పాడు. అప్పట్నుంచి ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఇతగాడు అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ వస్తున్నాడు. ఇప్పుడు నర్సు వచ్చి, ముందు ఎలా నడిచేవారు, బయటికి వెళ్ళేవారా, మెట్లు ఎక్కేవారా అని అడుగుతుంటే పక్కనే ఆ సారు నిలబడి ఉన్నాడు. కొడుకు నోటికి అలవాటైన మాటలే వచ్చాయి. బయటికా, అబ్బే. మెట్లా, ఎందుకెక్కనిస్తామండీ. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి, అంతే. ఎలా పడ్డారంటే మాత్రం నిజం చెప్పాడు, స్నానాలగది దగ్గర పట్టా తగిలి అని. సూపరింటెండెంటు మెచ్చుకోలుగా తలూపాడు.

అదే వేళకు ఎక్స్‌రే గదిలో కుంచెమ్మ తన కథ తను చెబుతోంది. ఎలా పడ్డారమ్మా అని అక్కడి మనిషి అడిగితే, నిచ్చెన మీంచి అంది. గడియారాల కొట్టుకు బోర్డు రాస్తూ రెండో అంతస్తు ఎత్తు నుంచి పడ్డానంది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు, మాట కాస్త ముద్దగా వస్తోంది. స్ట్రెచర్ మీద తీసుకొస్తుంటే పైకి చూసి, మీ ఆపరేషన్ థియేటర్ బోర్డు మీద బాణం గుర్తు గోడలోకి చూపిస్తోంది, ఎవరు రాశారు దాన్ని అని కూడా అడిగింది. నర్సు రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. కొడుకేమో కుర్చీ దిగదంటాడు, ఈవిడేమో నిచ్చెనెక్కానంటుంది. పెద్దవయసులో ఎముక విరిగితే మనసు కలతపడటం మామూలే. పాపం, తికమకపడుతున్నారు అని డాక్టరమ్మకు చెప్పింది. ఆ మాటలో నర్సు తప్పేమీ లేదు.

డాక్టరమ్మ తన గదిలో ఎక్స్‌రే బొమ్మను వెలుగుకు పెట్టి, కొడుకునీ కోడల్నీ సూపరింటెండెంటునీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఓపికున్న మనిషి. తొడ ఎముక పైచివర బంతిలా ఒక తల ఉంటుంది, అది తుంటిలో గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. మీ అమ్మగారికి ఆ తల కింద, మెడ దగ్గర విరిగింది, విరిగిన ముక్క పక్కకు జరిగిపోయింది అంది. ఇంకాస్త కిందికి విరిగి ఉంటే ఎముక లోపల రాడ్డు దించి బిగించేవాళ్ళం. మెడ దగ్గర అలా కుదరదు. స్క్రూలు వేసి బిగించవచ్చు గానీ, తలకు రక్తం అందే దారి తెగిపోయుంటుంది, ఈ వయసులో అది అతుక్కోకపోవచ్చు, ఆ తల చచ్చిపోతే మళ్ళీ కొయ్యాలి. అసలు ఆపరేషనే వద్దంటే మంచానికి అంటుకుపోతారు. పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. ఆ దారి నేను చెప్పను అంది.

ఇక మిగిలినవి రెండు. ఒకటి సగం కీలు మార్చడం. విరిగిన బంతి తీసేసి లోహపు బంతి పెడతారు, గిన్నె పాతదే ఉంటుంది. త్వరగా అయిపోతుంది, కీలు జారిపోయే భయం తక్కువ. ఇంట్లో నాలుగడుగులు వేసేవాళ్ళకు హాయిగా సరిపోతుంది. రెండోది పూర్తి కీలు, బంతీ గిన్నే రెండూ కొత్తవే. ఆపరేషన్ కాస్త పెద్దది, మొదట్లో జాగ్రత్తలు పాటించకపోతే కీలు జారే ప్రమాదం ఎక్కువ, కాబట్టి చెప్పింది గుర్తుపెట్టుకోగలిగిన మనిషై ఉండాలి. బాగా తిరిగేవాళ్ళకు, రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళకు అదే మేలు. సగం కీలుతో అంతంత పని చేస్తే లోహపు బంతి పాత గిన్నెను అరగదీస్తుంది, కొన్నాళ్ళకు నొప్పి మొదలవుతుంది.

"మీ అమ్మగారు ఎటూ కుర్చీ దిగరు. మనసు కూడా కాస్త తడబడుతోంది. కాబట్టి సగం కీలే మంచిది," అంది డాక్టరమ్మ. "గుండె పరీక్షలు బాగుంటే రేపే చేసేద్దాం. ఇలాంటివి ఆలస్యం చెయ్యకూడదు."

కొడుకు కుర్చీలో ముందుకు జరిగాడు. సగం కీలు పెడితే నిలబడి ఏదైనా పని చేసుకోవచ్చా అని మెల్లగా అడిగాడు. ఏం పని అంది ఆమె. సూపరింటెండెంటు అతని వైపు చూశాడు. ఇతగాడు ఆ చూపు తప్పించుకుని, ఏదో, కిటికీ దగ్గర నిలబడి వీధి చూడటానికి అన్నాడు.

"దానికైతే ఇది చాలు," అంది డాక్టరమ్మ.

ఆమె ఎంతో దయగా అంది ఆ మాట. కొడుక్కి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఇంట్లో మాట్లాడుకుని సంతకం పెడతానని చెప్పి బయటపడ్డాడు. లోపల కూర్చున్నంతసేపూ పళ్ళు బిగబట్టుకుని ఉన్న కోడలు వరండాలో అతన్ని ఆపేసింది. మామూలుగా మెత్తని మనిషి. ఆవేళ మాత్రం మెత్తగా లేదు.

"ఏవండీ, మీరు లోపల చెప్పిన ముసలావిడెవరో నాకు తెలీదు. ఆవిడకి కొలతలు తీసి అత్తయ్యకి కీలు పెట్టబోతున్నారు."

కొడుకు తలొంచుకున్నాడు. అత్తయ్య రోజూ ఏం చేస్తారో మీకు తెలుసా, నిచ్చెన కింద పట్టుకునేది ఎవరనుకున్నారు, నేనే అంది. తెలుసన్నాడు. తెలుసని నాకు తెలుసు అంది ఆమె. ఆ తర్వాత అతను చెప్పింది మాత్రం ఆమెకు తెలియదు. ఆఫీసు నుంచి రోజూ బజారు చుట్టూ తిరిగి వస్తానన్నాడు. ఏ కొట్టుకు కొత్త బోర్డు పడినా ఎదురుగా నిలబడి చూసి వస్తానని, సంతకం లేకపోయినా ఆ అక్షరాల నిండుతనం చూడగానే అమ్మదని తెలిసిపోతుందని చెప్పాడు. పక్కన నిలబడ్డవాళ్ళు బోర్డు బాగుందంటే తనను మెచ్చుకున్నట్టు గాల్లో తేలిపోతూ ఇంటికొస్తాడట. వచ్చి, ఎండ గురించి మాట్లాడతాడు.

"ఈ మాట ఆమెకి ఒక్కసారైనా చెప్పారా?" అని అడిగింది కోడలు. చెప్పలేదు. అయితే వెళ్ళి చెప్పండి అని అతని భుజం పట్టుకుని వార్డు వైపు తిప్పింది.

కుంచెమ్మ మంచం మీద పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. కాలు కదలకుండా అటూ ఇటూ దిళ్ళు పెట్టారు. ఇంజెక్షన్ మత్తు దిగింది, ముఖం నొప్పితో పాలిపోయింది గానీ కళ్ళు ఎప్పటిలాగే చురుగ్గా ఉన్నాయి. కొడుకును చూడగానే గడియారాల మేస్త్రీకి కబురు పంపావా అని అడిగింది. బోర్డు సగంలో ఆగిపోయింది, సుద్దతో గీతలు గీసి పెట్టింది, రంగు సగం అక్షరాలకే పడింది, వాన వస్తే సుద్ద కరిగిపోతుందట. అడిగాక నాలుక కరుచుకుంది. కుర్చీ దిగని మనిషి కదా తను.

కొడుకు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నిచ్చెన మీంచి పడ్డానని ఎందుకు చెప్పావమ్మా అని అడిగాడు. ఆమె ముఖం తిప్పుకుంది. బతిమాలితే చివరికి నోరు విప్పింది.

"స్నానాలగదిలో ముసలమ్మలు పడతారురా."

"నీకు డెబ్భై దాటాయమ్మా."

"దాటితే? పనిచేసే మనిషి పనిలో పడిందంటే ఒక గౌరవం. కాళ్ళు తుడుచుకునే పట్టా మీద పడిందంటే ఏముంది? ఆ పెయింటర్లెవరైనా బతికుంటే ఎంత నవ్వుకుంటారు?"

కొడుక్కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె చెప్పిన నిచ్చెన, తను చెప్పిన కుర్చీ, ఈ రెంటి మధ్య ఇరుక్కుని డాక్టరమ్మ ఏ నిర్ణయానికి వచ్చిందో విడమరిచి చెప్పాడు. సగం కీలు, పూర్తి కీలు, దేనితో ఏ పని చేసుకోవచ్చో అంతా చెప్పాడు. తన మనసు తడబడుతోందని ఆసుపత్రి వాళ్ళు అనుకుంటున్నారని కుంచెమ్మ అప్పుడే విన్నది. నొప్పికి చలించని మనిషి ఆ మాటకు చలించింది. నాకా అని రెండుసార్లు అంది. ఆ తర్వాత కొడుకు, తల వంచుకుని, బజారు చుట్టూ తిరిగి వచ్చే సంగతి చెప్పాడు. మందుల కొట్టు బోర్డులో నీలం మీద తెలుపు ఎంత బాగా తేలిందో, సైకిళ్ళ కొట్టు బోర్డు దూరం నుంచి చూస్తే ఎలా ముందుకు వచ్చినట్టుంటుందో చెప్పాడు. పేరుపేరునా అన్నీ చెప్పాడు. ఒక్కటీ వదల్లేదు.

కుంచెమ్మ వాడి ముఖం వంక చూసింది.

"మరి నన్ను రోజూ ఆ కిరసనాయిలుతో ఎందుకు తోమించావురా? చేతులు మండిపోయేవి," అంది. అంటూనే వాడి తల మీద చెయ్యి వేసింది. గోటి అంచున పచ్చరంగు ఇంకా ఉంది. బడి రోజుల్లో ఆ రంగు చూస్తే వాడికి నేలలోకి కుంగిపోవాలనిపించేది. ఇప్పుడు ఆ చెయ్యి పట్టుకుని, ఇది నా తల్లి చెయ్యి అని బజారంతా వినపడేలా చెప్పాలనిపించింది. మనిషికి సిగ్గు పోవడానికి ఇంత కాలం పట్టకూడదు. ఇతగాడికి పట్టింది.

సాయంత్రం రౌండ్లకు డాక్టరమ్మ వచ్చింది. వెంట నర్సు, ఆ వెనకే పళ్ళ సంచితో సూపరింటెండెంటు. ఆయన్ని చూసి కూడా కొడుకు లేచి నిలబడ్డాడు.

"డాక్టరుగారూ, పొద్దున నేను చెప్పింది అబద్ధం. మా అమ్మ కుర్చీలో కూర్చునే మనిషి కాదు. బోర్డులు రాస్తుంది. రోజూ బజారుకు నడిచివెళ్తుంది, కర్ర కూడా పట్టుకోదు. నిచ్చెనెక్కుతుంది. తల్లి చేత పని చేయిస్తున్నాడని నలుగురూ అనుకుంటారేమోనని దాచాను. ఆమె చేత ఎవరూ పని చేయించక్కర్లేదు. మానిపించబోయాను, నా వల్ల కాలేదు."

డాక్టరమ్మ మంచం వైపు తిరిగింది. అయితే నిచ్చెన మీంచి పడ్డారన్నది నిజమేనా అమ్మా అని అడిగింది. కుంచెమ్మ మోచేతుల మీద కాస్త పైకి లేవబోయి, నొప్పికి ఆగి, గొంతు సవరించుకుంది.

"కాదు. స్నానాలగది పట్టా తగిలి పడ్డాను. నిచ్చెన మీంచి నేను నా జన్మలో పడలేదు. అది బాగా రాసుకోండి."

డాక్టరమ్మకు కోపం వచ్చింది, రావలసిందే. ఏ మనిషికి ఏ కీలు పెట్టాలన్నది మీరు చెప్పే మాటల మీదే ఆధారపడుతుందండీ, ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది గానీ మనిషిని చూపించదు కదా అని కొడుకును గట్టిగానే మందలించింది. ఆ తర్వాత ఆమె కుర్చీ లాక్కుని కుంచెమ్మ దగ్గర కూర్చుని మొదటి నుంచి అన్నీ అడిగింది. ఎంత దూరం నడుస్తారు, ఆయాసం వస్తుందా, ఏ మందులు వేసుకుంటారు, ఇవాళ ఏ వారం. కుంచెమ్మ వారం చెప్పింది, మందుల పేర్లు చెప్పింది, పొద్దున డాక్టరమ్మ ఏ రంగు బట్టలు వేసుకుందో అడక్కుండానే చెప్పింది. మరి గోడలోకి చూపించే బాణం సంగతేమిటని నర్సు అడిగింది. వెళ్ళి చూసిరా తల్లీ అంది కుంచెమ్మ. నర్సు వెళ్ళి చూసి, నవ్వుతూ తిరిగొచ్చింది. వార్డులకు రంగులు వేసినప్పుడు బోర్డును పాత చోట కాక ఎదురుగోడకు బిగించారట, రోజూ తిరిగేవాళ్ళకు దారి తెలుసు కాబట్టి ఎవరూ దాని వంక చూడటం మానేశారు.

అప్పుడు డాక్టరమ్మ పూర్తి కీలు పెడతానంది. దాచకుండా అన్నీ చెప్పింది. ఆపరేషన్ పెద్దది, రక్తం ఎక్కువ పోవచ్చు, గుండె పరీక్షలు తృప్తిగా ఉంటేనే చేస్తాను అంది. మొదట్లో నేల మీద కూర్చోకూడదు, కాలు మీద కాలు వెయ్యకూడదు, కింద పడ్డది వంగి తియ్యకూడదు. ఇంకొకటి, నిచ్చెన ఇక ఎక్కకూడదు.

కుంచెమ్మ ముఖం మాడిపోయింది. "నిచ్చెన లేనప్పుడు నాకెందుకమ్మా అంత పెద్ద కీలు?"

"నిలబడటానికి. నడవటానికి. రోజంతా నిలబడి రాసుకోవడానికి. కిటికీలోంచి వీధి చూడటానికైతే సగం కీలు చాలు. మీరు వీధిలోనే ఉండాలంటే ఇదే కావాలి."

కుంచెమ్మ కాసేపు ఆలోచించింది. కోడలి వైపు చూసింది, కొడుకు వైపు ఇంకాస్త ఎక్కువసేపు చూసింది. సరే, నిచ్చెనెక్కే మనిషి ఎవడో ఒకడు దొరక్కపోడు అంది.

సూపరింటెండెంటు ఇంతసేపూ పళ్ళ సంచి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. వెళ్ళబోయే ముందు కొడుకును పక్కకు పిలిచాడు. తిట్లు పడతాయనుకుని ఇతగాడు సిద్ధపడ్డాడు.

"ఇంత గొప్ప సంగతి ఇంట్లో పెట్టుకుని, నాకు ఆ చిన్న గొప్పలు చెప్పావేమయ్యా?" అన్నాడాయన. అని సంచి చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

పరీక్షలు బాగున్నాయి, మర్నాడు ఆపరేషన్ జరిగింది. నడుముకు మత్తిచ్చారు కాబట్టి కుంచెమ్మ మధ్యమధ్య మెలకువగానే ఉంది. తెర అవతల సుత్తి చప్పుడు వింటూ, దెబ్బ తిన్నగా పడుతోంది, చెయ్యి తిరిగిన మనిషే అని మెచ్చుకుందట. ఆ మాట డాక్టరమ్మే బయటికొచ్చి చెప్పింది. అది విన్నాక గాని కొడుకు ఊపిరి పీల్చుకోలేదు. ఆ మర్నాడు వాకర్ ఇచ్చి నిలబెట్టారు. కాలు మీద బరువు పడగానే కుంచెమ్మ ముఖం తెల్లబోయింది, పెదవి కొరుక్కుంది, అయినా కూర్చుంటానని అనలేదు. మంచం నుంచి తలుపు దాకా నడిచింది. వార్డులో మిగతా మంచాల మీది వాళ్ళు చూస్తున్నారని తెలిసి, వెనక్కి వచ్చేటప్పుడు వీపు ఇంకాస్త నిటారుగా పెట్టింది. వ్యాయామం చేయించే అమ్మాయి చాలమ్మా అంటుంటే ఇంకోసారి తలుపు దాకా వెళ్ళొచ్చింది. కొడుకు పక్క మంచం ముసలాయన దగ్గరికి వెళ్ళి, మా అమ్మండీ, బోర్డులు రాస్తుంది అని చెప్పాడు. ఆయన అడగలేదు.

కోలుకోవడం అంత తేలిగ్గా ఏమీ సాగలేదు. నొప్పితో విసుక్కున్న రోజులున్నాయి, ఎత్తు కుర్చీ వద్దని అలిగిన రోజులున్నాయి. స్నానాలగది పట్టాను కోడలు చెత్తబుట్టలో పడేస్తే, అది ఎక్కడికి పోయిందో చూసి మరీ తృప్తిపడింది. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. గడియారాల మేస్త్రీ ఆ సగం బోర్డును అలాగే ఉంచాడు. వేరేవాళ్ళతో రాయించుకోవచ్చు కదా అని ఎవరన్నా అంటే, గడియారాన్ని విప్పిన మేస్త్రీయే మళ్ళీ బిగించాలి అనేవాడు. డాక్టరమ్మ సరేనన్నాక అతనే బోర్డు ఊడదీసి, కుంచెమ్మ వాళ్ళ ఇంటి ముందు రెండు ఎత్తు బల్లల మీద నిలబెట్టించాడు.

సుద్ద గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. మళ్ళీ గీతలు కొట్టాలి. నీలం పొడి పూసిన దారాన్ని బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు బిగువుగా పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే తిన్నని గీత పడుతుంది. దానికి రెండో మనిషి కావాలి. చిన్నప్పుడు ఆ రెండో చివర పట్టుకున్నది కొడుకే. వీధిలోవాళ్ళు చూస్తున్నారని పట్టు వదిలేసి పారిపోయిందీ వాడే. ఈసారి ఆఫీసుకు సెలవు పెట్టి, వీధి మధ్యలో నిలబడి, ఆమె చాలనే దాకా పట్టుకున్నాడు. కుంచెమ్మ చేతికర్రను గోడకు ఆనించి, రెండు కాళ్ళ మీద నిలబడి రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే నిండుగా వచ్చాయి. కొడుకు పక్కనే నిలబడి రంగుడబ్బా అందించాడు, చొక్కా నిండా మరకలు చేసుకున్నాడు.

రంగు ఆరాక బోర్డు ఎక్కించాలి. గడియారాల కొట్టు రెండో అంతస్తు ఎత్తున. కోడలు కింద నిచ్చెన పట్టుకుంది, కొడుకు ఎక్కాడు. ఎత్తంటే వాడికి భయమని ఆ రోజే అందరికీ తెలిసింది. కింద నుంచి కుంచెమ్మ కర్ర ఎత్తి, ఎడమకు, ఇంకాస్త, కిందికి చూడకురా అని కేకలేస్తోంది. బజారులో సగం మంది పనులు మానేసి గుమిగూడారు. ఆఫీసుకు వెళ్తున్న సూపరింటెండెంటు కూడా ఆగిపోయి, ఏంటయ్యా ఆ పని, ఎవరు రాశారు బోర్డు అని అడిగాడు. ఆయనకు తెలియక కాదు.

కొడుకు జవాబు చెప్పబోయి ఆగాడు. చేతిలో స్క్రూడ్రైవరు, ఎదురుగా బోర్డు కుడివైపు కింది మూల. అక్కడ ఏమీ లేదు. తెల్లటి ఖాళీ. ఇన్నేళ్ళుగా అలాంటి ఖాళీలు ఎన్ని చూశాడో, చూసి కూడా ఎలా ఊరుకున్నాడో వాడికే అర్థం కాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిగించిన స్క్రూలు ఒక్కొక్కటీ విప్పాడు. ఏం చేస్తున్నావురా అని తల్లి అరుస్తున్నా వినకుండా, తాడు కట్టి బోర్డును మెల్లగా కిందికి దించాడు. తనూ దిగాడు. బోర్డును గోడకు ఆనించి, సన్న కుంచె రంగులో ముంచి ఆమె చేతికిచ్చాడు.

"సంతకం పెట్టమ్మా."

కుంచెమ్మ కుంచె పట్టుకుని వాడిని చూసింది, చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. వంగకూడదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి, కొడుకూ సూపరింటెండెంటూ చెరోవైపు పట్టుకుని బోర్డును ఆమె చేతి ఎత్తుకు లేపారు. ఆమె తొందరపడలేదు. పెట్టి చాలా ఏళ్ళయింది కదా, ఒక్కో అక్షరం చూసుకుంటూ పెట్టింది. అది ఆరేదాకా అందరూ ఆగారు. ఎవరు రాశారని అడిగారు కదండీ, మా అమ్మ అని సారుకు చెప్పి, కొడుకు మళ్ళీ నిచ్చెన ఎక్కాడు.